పాత డెస్క్‌టాప్‌కి పెద్ద హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా?

నాలుగో తరం ఐ5, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ అన్నారు. విండోస్ తెరుచుకోవడానికే నాలుగైదు నిమిషాలు పడుతోందని, 2 టీబీ హార్డ్ డిస్క్ కొనాలా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచేది) కొనాలా అని అడిగారు. 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (మామూలు హార్డ్ డిస్క్ పెట్టే పోర్టుకే తగిలేది) కొని విండోస్ దానిమీద వేసుకోండి. ఫొటోలు, వీడియోలు పాత డిస్కులోనే ఉండనివ్వండి.

7200 ఆర్‌పీఎం డిస్కులో పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్ సరైన చోటికి జరగడానికి ఇంచుమించు ఇంకో అంత. అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చదివితే గొప్ప. విండోస్ లేచేటప్పుడు అడిగేవన్నీ అలాంటివే, అదీ వేలల్లో. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. డబ్బా మీద రాసే సెకనుకు 550 ఎంబీ వేగం అంకె కన్నా మీకు పనికొచ్చేది ఇదే.

అయితే డిస్కు చావుకు దగ్గరపడినా కంప్యూటర్ ఇలాగే నత్తనడక నడుస్తుంది. ముందు డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసి 05 (పాడై పక్కన పెట్టిన సెక్టార్లు), సీ5 (చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు) వరసలు చూడండి. ముడి విలువ సున్నా కాకపోతే మిగతా పనులన్నీ ఆపి ఫొటోలు బయటికి కాపీ చేసుకోండి.

ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) జోలికి వెళ్లకండి. ఆ బోర్డుల్లో సాధారణంగా దాన్ని తగిలించే ఎం.2 స్లాట్ ఉండదు, అడాప్టర్ కార్డు పెట్టినా ఆ కాలపు బయోస్‌లు (కంప్యూటర్‌ను లేపే, బోర్డులోని ప్రోగ్రామ్‌లు) చాలావరకు దాన్నుంచి బూట్ కావు. సాటాలో డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ప్రత్యేక మెమరీ చిప్) ఉన్న మోడల్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. పేరూ ఊరూ లేని చవక 2 టీబీ ఎస్‌ఎస్‌డీలు మాత్రం వద్దు. వాటిలో కొన్ని లేని సైజును ఉన్నట్టు చూపించి, నిండేకొద్దీ పాత ఫైళ్లను పాడుచేస్తాయి.

హెచ్81లో నాలుగు సాటా పోర్టులుంటే రెండే 6 జీబీపీఎస్‌వి. బోర్డు మాన్యువల్ చూసి ఎస్‌ఎస్‌డీని వాటిలో ఒకదానికి పెట్టండి. పవర్ నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) సాటా వైరు నుంచే ఇవ్వండి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ వైరును సాటాకి మార్చే, పోత పోసిన చవకరకం అడాప్టర్లు లోపల షార్టయి కాలిపోవడం కొత్త కాదు. బ్రాకెట్ లేకపోతే డబుల్ టేపు చాలు, లోపల కదిలేదేం లేదు కదా.

బయోస్‌లో సాటా పోర్టులకు ఏహెచ్‌సీఐ మోడ్ పెట్టాక, విండోస్ వేసేముందు పాత డిస్కు సాటా వైరు పీకేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండూ ఉంచి ఇన్‌స్టాల్ చేస్తే బూట్ ఫైళ్లు పాత డిస్కులోనే కూర్చోవచ్చు, అలా అయితే రేపు దాన్ని తీసేస్తే కంప్యూటర్ లేవదు. ఇన్‌స్టాల్ అయ్యాక వైరు పెట్టి, బూట్ వరసలో ఎస్‌ఎస్‌డీని పైకి తేవాలి. పిక్చర్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్‌తో దాన్ని పాత డిస్కుకు మళ్లించవచ్చు.

అరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. 300 టీబీడబ్ల్యూ (మొత్తం రాయగల డేటాకు కంపెనీ చెప్పే లెక్క, టీబీల్లో) ఉన్న ఎస్‌ఎస్‌డీ మీద రోజుకు 20 జీబీ రాసినా ఆ లెక్క నలభై ఏళ్లకు గానీ పూర్తవదు. ఈలోపు ఇంకేదో భాగం పోతుంది. డీఫ్రాగ్ (ఫైలు ముక్కల్ని ఒకచోట చేర్చడం) మీరు చేయనక్కర్లేదు, విండోసే ట్రిమ్ (డిలీట్ చేసిన చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) పంపుతుంది. కానీ ట్రిమ్ అయ్యాక డిలీట్ చేసిన ఫైలును షాపువాడు కూడా తిరిగి తేలేడు. పైగా హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటకమని ముందే హెచ్చరిస్తుంది, ఎస్‌ఎస్‌డీ చప్పుడు లేకుండా పోతుంది. కాబట్టి మిగిలిన డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, నెలకోసారి ఫొటోలు కాపీ చేసి, వైరు తీసి బీరువాలో పెట్టండి.