పడవ నెత్తిన మోసే ఓపిక ఉందా అన్నా?

అనంతపురం అన్న ఒకాయన అడిగినాడు. జూలైలో అమెరికాకు, మినియాపొలిస్‌లో ఉండే కొడుకు దగ్గరికి పోతున్నాడంట. అక్కడి నుంచి ఉత్తరాన, కెనడా బార్డర్‌కు ఆనుకుని ఉండే బౌండరీ వాటర్స్ అడవిలో కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పొడుగు పడవ) వేసుకుని చేపలు పట్టుకుంటా, మనిషి మొహం కనపడకుండా కొన్ని రోజులు ఉండి రావాలంట. ఏ చెరువు మంచిది అని ప్రశ్న.

చేపలు పడే చెరువు పేరు ఎవడూ చెప్పడన్నా. కేసీ కెనాల్ కాడ కొర్రమట్టలు యాడ తగులుతాయో మా చిన్నాయన సొంత కొడుక్కే చెప్పలేదు, ఇంక ఆ అడవి అంచున ఉండే ఇలీ ఊర్లో గాలాలు అమ్మేటోళ్లు మీకెందుకు చెప్తారు. నేను కూడా చెప్పను. ఎట్లా వెతుక్కోవాలో మాత్రం చెప్తా.

అక్కడ పది లక్షల ఎకరాలకు పైన అడవి, వెయ్యికి పైగా చెరువులు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోవాలంటే మధ్యలో కాలిబాట, దాన్ని పోర్టేజ్ అంటారు. ఆ బాటలో పడవ మన నెత్తిన, మూటలు మన వీపున. ఫిషర్ మ్యాపో మెకంజీ మ్యాపో కాగితంది కొనుక్కోండి, ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. మ్యాపులో ప్రతి పోర్టేజ్ పక్కన ఒక నంబర్ ఉంటాది, అది రాడ్లలో. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, 320 రాడ్లయితే ఒక మైలు. నంబర్ ఎంత పెద్దదైతే అవతల చెరువులో జనం అంత తక్కువ. పదీ ఇరవై రాడ్లకు అందరూ వస్తారు. నూరు దాటితే సగం మంది ఉండరు. రెండొందలు దాటి, మళ్లీ ఇంకొక పోర్టేజ్ కూడా ఉందనుకోండి, ఆ చెరువు మీదే. ఈ లెక్క తప్పిన చోటు నాకు కనపడలేదు. ఇంకో సంగతి, అంచుల్లో ఉండే కొన్ని చెరువుల్లో చిన్న మోటార్ పడవలు తిరగనిస్తారు, ఈ అడవి కోసం చేసిన 1978 చట్టంలోనే అవి మినహాయించినారు, వాటిని మ్యాపులో ముందే కొట్టేయండి.

పర్మిట్ సంగతి మీ అబ్బాయిని చూసుకోమనండి. మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి ఉండాలంటే కోటా ఉంటాది, ఏ దారిలో ఏ తేదీన లోపలికి పోతారో దానికే పర్మిట్. జనవరి చివర్లో ఆన్‌లైన్‌లో వదులుతారు, పేరున్న దారులు తిరుమల మూడొందల టికెట్ మాదిరి ఇట్లా తెరిస్తే అట్లా అయిపోతాయి. క్యాన్సిలైనవి మధ్యమధ్యలో వస్తుంటాయి, రోజూ చూస్తుండాల. గుంపుకు తొమ్మిది మందే, నాలుగు పడవలే. మేము అక్కడికి పోయినప్పుడు ఈ తొమ్మిది మంది రూల్ చూపించే మా బంధువులందర్నీ తప్పించుకున్నాం, లేకుంటే టెక్సాస్ నుంచి మా తోడల్లుడు కుటుంబం మొత్తం దిగేది.

అయినా ఒకడు వచ్చినాడు. మా కొడుకు రూమ్మేట్, ప్రొద్దుటూరు పిల్లోడు. మంచోడే, కానీ వాని సామాను చూడాల మీరు. ప్రెషర్ కుక్కర్, పెద్ద బస్తా సోనా మసూరి, బ్లూటూత్ స్పీకర్, వాళ్లమ్మ పంపిన ఆవకాయ గాజు సీసా. పర్మిట్ ఇచ్చే చోట ఒక వీడియో చూపించి తర్వాత ప్రశ్నలడుగుతారు. తినేవీ తాగేవీ గాజు సీసాల్లో గానీ డబ్బా టిన్నుల్లో గానీ లోపలికి తీసుకుపోకూడదు, అది అక్కడి రూల్. పర్మిట్ కౌంటర్‌లో ఉన్నామె నవ్వుకుంటానే చెప్పింది గానీ వదల్లేదు. పార్కింగ్‌లో కారు డిక్కీ మీద కూర్చుని ఆవకాయనంతా జిప్‌లాక్ కవర్లలోకి తోడినాం, చేతులు మోచేతి దాకా నూనె. స్పీకర్‌ను నేనే కారు సీటు కింద పడేసినా. కుక్కర్ మాత్రం వదలనన్నాడు.

మేం ఎంచుకున్న పోర్టేజ్ రెండొందల రాడ్లు పైనే. అద్దెకు కెవ్లార్ పడవ తీసుకోండన్నా, ఇరవై కేజీల లోపే ఉంటాది, అల్యూమినియంది చవకని తీసుకుంటే ముప్పై దాటుతాది, అక్కడ మిగిలించుకున్న డాలర్లు నడుముకు పెట్టుకునే బెల్టుకు చాలవు. పడవను బోర్లా తిప్పి భుజాల మీద పెట్టుకుంటే ముందు నాలుగడుగుల నేల తప్ప ఏమీ కనపడదు. వేర్లు, జారే రాళ్లు, మధ్యలో మోకాలి లోతు బురద. రెండు చేతులూ పడవ అంచుల్ని పట్టుకునే ఉండాల. ఆ బోర్లించిన పడవ లోపల, సరిగ్గా మన మొహం కాడ, దోమలన్నీ చేరతాయి. కొట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. ముక్కులో దూరితే గట్టిగా ఊదుకోవడమే. వెనక ప్రొద్దుటూరోని కుక్కర్ మూత అడుగడుక్కీ టంగ్ టంగ్ అని మోగుతాంది. ఎదురుగా డెబ్బై ఏళ్లు పైబడిన తెల్లోళ్లు మొగుడూ పెళ్లాం వస్తున్నారు, ఆయన నెత్తిన పడవ, ఆమె వీపున ఒకే మూట, అంతే వాళ్ల సంసారం. పక్కకు తప్పుకుని దారిచ్చి, ఆ కుక్కర్ వైపు చూసి ఏమీ అనకుండా పోయినారు. మేం బియ్యం బస్తా కోసం ఇంకొక విడత వెనక్కి నడవాల్సొచ్చింది.

అవతల చెరువులో పడవ దింపినాక ఒక్క టెంటు గానీ ఒక్క పొగ గానీ లేదు. టెంటు ఇష్టమొచ్చిన చోట వేయకూడదు, మ్యాపులో గుర్తు పెట్టిన చోటే వేయాల, అక్కడ ఇనుప జాలీ పొయ్యి, అడవిలోపల ఒక మరుగుదొడ్డి ఉంటాయి. పొద్దు వాలే ముందు రాతి కొన ఒకటి నీళ్లలోకి దిగిన చోట పడవ ఆపినాం. మన పుట్టిలో కూర్చున్నోళ్లకు కెనూ మొదట్లో భయమే, పుట్టి తిరుగుతాది గానీ అంత తొందరగా బోల్తా పడదు, ఇది సూటిగా పోతాది గానీ లేచి నిలబడితే మునిగినట్లే. ఎర జలగలు. అక్కడ అంగడిలో డజన్ లెక్కన డబ్బాలో పెట్టి అమ్ముతారు, ఎర్రలకంటే అవే నయం. చిన్న సీసం గుండు ఉండే గాలానికి జలగ గుచ్చి అడుగు దాకా దించి మెల్లగా ఎత్తి దించుతుంటే, లాగినట్లుండదు, బరువైనట్లు ఉంటాది. అదే వాలై అనే చేప. పైకి తీసినాక తలకు కట్టుకున్న లైటు వేస్తే దాని కన్ను తెల్లగా మెరుస్తాది, ఆ కంటి వల్లనే అది మసక వెలుతురులో వేటాడుతాది, మిట్టమధ్యాహ్నం గాలమేసుకుని కూర్చుంటే ఉత్త చేతులే. వీపు మీది ముల్లు జాగ్రత్త, నా బొటనవేలు చీరింది. ఉప్పు, కారం, పసుపు పట్టించి చెనిక్కాయ నూనెలో వేయించి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు జొన్నరొట్టెలతో తిన్నాం. మోసేదానికి బరువు లేని తిండి అంటే ఆ రొట్టెలూ, బొరుగులూ. చేప పొట్టా తలా నీళ్లలో వేయొద్దు, టెంటుకూ నీళ్లకూ దూరంగా పారేయండి, మిగిలిన తిండి ఎలుగుబంటికి అందకుండా చెట్టు కొమ్మకు వేలాడదీయండి.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఇట్లాంటి నీళ్లు మనకు లేవా? సంగమేశ్వరం కాడ శ్రీశైలం వెనక జలాలు చూడండి, డ్యాం 885 అడుగులకు నిండితే గుడి మొత్తం మునిగి, ఎదురుగా నల్లమల కొండలు నీళ్లలోకి దిగినట్లుంటాయి. ఒడ్డున ఏముంది? పగిలిన బీరు సీసాలు, బిర్యానీ ప్లేట్లు, ఆదివారమైతే సౌండ్ బాక్సులు. నీళ్లలో అలివి వలలు, వేలెడంత పిల్లను కూడా వదలవు, పుట్టి వేసుకుని గాలంతో బతికేటోనికి మిగిలేదేముంది. అవతల గట్టు పులుల అడవి, అటు దిగితే కేసు, అది న్యాయమే. ఇవతల గట్టుకన్నా గాజు సీసా వద్దు, తొమ్మిది మంది దాటొద్దు, సౌండ్ వద్దు అని గట్టిగా ఒక్క ఏడాది పెడితే చాలు, మినియాపొలిస్ పిల్లోళ్లే సెలవు పెట్టి నందికొట్కూరు బస్సెక్కుతారు. చెప్తే వినేటోళ్లు లేరు.

సరే, మీ సంగతి. జూలై వద్దన్నా, దోమలూ జనమూ రెండూ అప్పుడే. వీలైతే టికెట్ ఆగస్టు చివరికి జరపండి, రాత్రిళ్లు చలి ఉంటాది గానీ దోమలు బాగా తగ్గుతాయి. అవతల కెనడా వైపు క్వెటికో అని ఇట్లాంటి అడవే ఉంది, ఇంకా తక్కువ జనం, కానీ మనకు ఆ వీసా వేరే తీసుకోవాల. చేపల లైసెన్స్ పర్మిట్‌లో రాదు, వేరే కొనాల, బయటోళ్లకు 72 గంటలది, 7 రోజులది అని ఉంటాయి. మీ అబ్బాయికి లోకల్ రేటు, మీకు రాదు, కౌంటర్ కాడ గొడవ పడొద్దు.