తోడు మిగిల్చే కణాలు

ప్రశ్న: రక్తం ఎముక మజ్జలో తయారవుతుందని చదివాం. ఎముకలే సరిగా ఏర్పడని పిండానికి రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? మూలకణాలు అన్ని కణాల్ని ఇస్తూ తాము ఎందుకు అయిపోవు?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: తోడుకు చెంచాడు పెరుగు మిగల్చని ఇంట్లో మర్నాడు పెరుగుండదు. మూలకణానిదీ అదే లెక్క. రెండుగా చీలినప్పుడు ఒకటైనా మూలకణంగా మిగలాలి. రెండూ మిగిలితే నిల్వ పెరుగుతుంది, రెండూ ఎర్ర, తెల్ల కణాల దారి పడితే తరుగుతుంది.

తొలి ఎర్రకణాలు మూడో వారంలో సొనసంచిలో (పిండానికి ఆనుకుని ఉండే చిన్న సంచి) పుడతాయి. (ఇవి గర్భం నిలిచినప్పటి నుంచి లెక్కేసిన వారాలు. డాక్టరు లెక్కలోకి మార్చాలంటే వీటికి రెండు వారాలు కలుపుకోండి.) జీవితమంతా పనిచేసే మూలకణాలు మాత్రం నాలుగో వారం చివర్నుంచి బృహద్ధమని అడుగు గోడలో పుడతాయి. లోపలి పొరలో చాపలా పరుచుకున్న కణం గుండ్రబడి, పక్క కణాల పట్టు విడిపించుకుని రక్తప్రవాహంలోకి లేస్తుంది. రన్‌క్స్-1 జన్యువు లేకపోతే ఇది జరగదు. అది లేని ఎలుక పిండాలు కడుపులోనే చనిపోతాయి.

ధమని నుంచి మూలకణాలు పిండం కాలేయం చేరతాయి. దాదాపు ఏడో నెల దాకా రక్తానికి వంటిల్లు అదే. మజ్జలో పని 11వ వారం ప్రాంతంలో మొదలైనా పెత్తనం చేతికొచ్చేది చివరి నెలల్లోనే. పెద్దవాళ్ల మజ్జలో మూలకణాలు ఎక్కువకాలం నిద్రలో ఉంటాయి. పిండం కాలేయంలోవి చురుగ్గా విభజన చెందుతాయి. స్వభావమే వేరు. సాక్స్-17 జన్యువు తీసేస్తే ఎలుక పిండంలో, పసికూనలో మూలకణాలు నిలవవు, పెద్ద ఎలుకలో నిలుస్తాయి.

ఎలుక పిండం కాలేయంలో 12–16 రోజుల మధ్య ఇవి 38 రెట్లు పెరుగుతాయని 2000లో లెక్కతేల్చారు. నోట్సుల్లో ఇంకా ఆ మాటే తిరుగుతోంది. 2022 నాటి పరిశోధనలో అంత పెరుగుదల కనబడలేదు. పిండానికి అప్పటికప్పుడు కావలసిన రక్తకణాలకే విభజనలు చాలావరకు ఖర్చవుతున్నాయి. పరీక్షలో రెండూ రాయండి.

ప్రశ్న: నాకు ఏడో నెల. బొడ్డుతాడు రక్తం డబ్బు కట్టి దాచుకోమంటున్నారు. బిడ్డకు పనికొస్తుందా?
– ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: బిడ్డ సొంత అవసరానికి దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. తలసీమియా లాంటి జన్యులోపం ఉంటే అది ఆ రక్తంలోనూ ఉంటుంది, దాన్నే తిరిగి ఎక్కించి లాభం లేదు. పరిమాణమూ చాలదు. ఈ రక్తంలోని మూలకణాల మార్పిడికి కిలో బరువుకు కనీసం రెండున్నర కోట్ల కేంద్రకమున్న కణాలు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 150 కోట్లు. ఒక సంచిలో దొరికేది సాధారణంగా 100 కోట్ల అటూ ఇటూ.

మీ పెద్దబిడ్డకు మార్పిడి అవసరమైన జబ్బు ఇప్పటికే ఉంటే మాట వేరు. అప్పుడు రక్తవ్యాధుల నిపుణుణ్ణి కాన్పుకు ముందే కలవండి.

సంచి నింపడానికని తాడును పుట్టిన వెంటనే బిగించనివ్వకండి. బిడ్డ బాగుంటే కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషంలో మాయ నుంచి వెళ్లే రక్తంలోని ఇనుము బిడ్డకు నెలల తరబడి అక్కరకొస్తుంది.