డ్రిప్పు పైపులో ఇంటర్నెట్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అనంతపురం జిల్లా పుట్లూరు మండలంలో ఒక పల్లె. పాతకాలం రాతిగోడల మిద్దె. ఫైబర్ నెట్ ఉంది, రూటరు నడింట్లో గూట్లో పెట్టిపోయినారు. ఇంటి వెనకనుంచే మా చీనీ (బత్తాయి) తోట మొదలవుతుంది, ఆ చివర మోటరు కొట్టం. మా నాయన అడుగులు లెక్కపెట్టి 240 అన్నాడు. పోయిన ఏడాది రెండుసార్లు మోటరు కేబుల్ కోసుకుపోయినారు. అక్కడ ఒక కెమెరా పెట్టాలని ఉంది, కెమెరా మా తమ్ముడు కొనిస్తానన్నాడు. నాయన పగలంతా అక్కడే ఉంటాడు, సెల్ సిగ్నల్ ఒక గీతే. ఆయన ఫోన్‌కు కూడా వైఫై అందితే బాగుంటుంది. టౌన్లో అంగడాయన రూ.1,400కు రిపీటరు ఇచ్చినాడు. వెనక వసారాలో పెడితే తోటలోకి యాభై అడుగులు పోయింది, అంతే. పైగా ఇంట్లో నెట్ కూడా నెమ్మదించింది. ఇంకొకాయన వచ్చి చూసి స్తంభాలు, యాంటెన్నాలు కలిపి పద్దెనిమిది వేలు అన్నాడు. మా దగ్గర మూడు వేలు, మహా అయితే మూడున్నర ఉంది. దారి చెప్పన్నా.
– ఒక చెల్లెలు, పుట్లూరు మండలం

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ నాయనకు ఒక దండం. ఇట్లాంటి ఉత్తరాలు నెలకు పది వస్తాయి. అందరూ "ఇంటికి కొంచెం దూరం" అని రాస్తారు. అడుగులు లెక్కపెట్టి పంపింది ఆయనొక్కడే. పెద్దాయన అడుగు రెండుంబావు, రెండున్నర అడుగుల కొలత అనుకుంటే ఇంచుమించు 165 నుంచి 180 మీటర్లు. ఆ అంకె తెలియబట్టే ఈ జవాబు రాయగలుగుతున్నాను.

రిపీటరు సంగతి తొందరగా తేల్చేస్తాను. అది ఒకే రేడియోతో వింటుంది, ఆ రేడియోతోనే తిరిగి చెబుతుంది. వింటున్నంతసేపు చెప్పలేదు, చెబుతున్నంతసేపు వినలేదు. అందుకే వేగం సగానికి పడుతుంది. పైగా మీ వెనక వసారాకు, రూటరు ఉన్న గూటికి నడుమ రెండడుగుల రాతిగోడలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. సరిగా వినపడనివాడి చేత కబురు పంపినట్టయింది. దాన్ని పారేయొద్దు. రూటరు నుంచి లాన్ వైరు లాగి వెనక వసారాలో దీనికి తగిలించి, సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చండి. ఇంటి వరకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

తోట సంగతికి వస్తే, నేను కాల్చుకున్న చేతి కథ ఒకటి చెప్పాలి. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ కథలోంచే వచ్చింది.

నేను అనంతపురంలో కేబుల్ ఆపరేటరుగా ఉన్న రోజుల్లో మా వెనక వీధిలో మా బావమరిది ఉండేవాడు. మిద్దె నుంచి మిద్దెకు 70 మీటర్లు. మా ఇంటి నెట్ ఆయన కంప్యూటరుకు అందించాలి, పైసా ఖర్చు కాకూడదు, అదీ పందెం. వైఫై గురించి చాలామంది మరిచిపోయే సంగతి ఏమంటే అది రెండువైపుల మాట. రూటరు ఎంత గట్టిగా అరిచినా అవతల ఉన్న ఫోను, డాంగిలు (కంప్యూటరుకు గుచ్చే చిన్న వైఫై ముక్క) బదులు పలకాలి కదా, వాటి గొంతు చిన్నది. చేలో మంచె మీద కూర్చున్నవాడు అవతలి గట్టు మనిషిని పిలిచేటప్పుడు గొంతు చించుకోడు, రెండు చేతులు నోటికి దోనె పట్టి పిలుస్తాడు. వినేటప్పుడు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఆ దోనె పని చేసేదే యాంటెన్నా.

మాకు దొరికిన దోనె మా ఆవిడ వంటింట్లోని స్టీలు జల్లెడ. గుండ్రటిది, అడుగు వెడల్పుది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. జల్లెడ కన్నాలు దానిముందు ఏపాటి? ఆ అలకు జల్లెడ అద్దమే. నడిమధ్యన కన్నం చేసి, యూఎస్‌బీ డాంగిల్‌ను లోపలికి నిలబెట్టి, ముందుకు వెనక్కు జరుపుతూ పోయినాము. బొటనవేలంత జరిపితే అంకె మారేది. మైనస్ 83 ఉన్న సిగ్నల్ ఒకచోట మైనస్ 71కి వచ్చింది. ఈ లెక్కలో మైనస్ పక్కనున్న అంకె చిన్నదైతే మంచిది. ప్రతి మూడు తగ్గితే బలం రెట్టింపు, పన్నెండు తగ్గింది కాబట్టి పదహారు రెట్లు. జల్లెడకు! యూఎస్‌బీ వైరు మాత్రం ఐదు మీటర్లు మించితే డాంగిల్ మొండికేస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఫిబ్రవరి అంతా రాజాలాగ నడిచింది. ఉగాది వచ్చింది. నడుమనున్న వేపచెట్టు చిగిరించింది. సిగ్నల్ పోయింది. మొదట డాంగిల్ చెడిపోయిందనుకున్నాము, తర్వాత రూటరును అనుమానించినాము. పచ్చటి ఆకులో ఉండేది నీళ్లు, ఆ నీళ్లు ఈ అలను మింగేస్తాయి. ఆకు రాలిన చెట్టు వేరు, ఆకు తొడిగిన చెట్టు వేరు. చెల్లెమ్మా, వేపచెట్టైనా ఏడాదికోసారి ఆకు రాలుస్తుంది. మీ చీనీ చెట్లు పన్నెండు నెలలూ పచ్చగా ఉంటాయి, అదీ ఒకటి కాదు, తోట మొత్తం.

"చెట్ల నడుమ సందు ఉంది, కొట్టం కనపడుతుంది" అంటారేమో. కంటికి కనపడితే చాలదు. ఆ అల దారం పోసినట్టు పోదు, మద్దెల ఆకారంలో నడుమ ఉబ్బి పోతుంది. 180 మీటర్లకు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ ఉబ్బు నడిమధ్యన దాదాపు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు, గీతకు పైనా అంతే, కిందా అంతే. చెట్టు తలలకు ఆ ఎత్తున పైనుంచి పోనివ్వాలంటే ఇంటి దగ్గరొకటి, కొట్టం దగ్గరొకటి ఇనుప స్తంభాలు నిలపాలి. ఆ పద్దెనిమిది వేలాయన మోసగాడేమీ కాదు. ఆయన లెక్క అది.

సరే, వేపచెట్టు దెబ్బకు మేమేం చేసినాము? గాల్లో లాన్ వైరు లాగేసినాము. మిద్దె మీదినుంచి మిద్దె మీదికి, రాగి తీగ. లాన్ వైరు వంద మీటర్ల దాకా నడుస్తుంది, మాది డెబ్బయ్యే. మే నెలలో ఒక సాయంత్రం ఉరుములు. పిడుగు మా ఇంటి మీద పడలేదు, వాళ్లింటి మీదా పడలేదు, యాడనో పడింది. మా రూటరు, నడుమనున్న స్విచ్చి, కొని మూడు నెలలైన ఆయన కంప్యూటరు, మూడూ ఒక్కసారే పోయినాయి. దగ్గర్లో పిడుగు పడితే చాలు, బారుగా ఉన్న రాగి తీగలోకి ఎగదన్నుకొస్తుంది. బావమరిది ఈనాటికీ పండక్కి వచ్చి ఆ మాట ఎత్తకుండా పోడు.

చెట్టుకు భయపడి రాగి వైపు పోతే పిడుగు. కాబట్టి మీకు చెప్పేది మూడోది: గాజు. మీ ఇంటిదాకా వచ్చిన ఫైబరు ఉంది చూడండి, అట్లాంటిదే ఇంటి నుంచి కొట్టానికి మీరే వేసుకోండి. తోట మీది, నడుమ ఇంకొకరి పొలం లేదు, రోడ్డు లేదు. ఇది అందరికీ దొరికే వసతి కాదు. అడ్డంగా వేరేవాళ్ల చేను ఉండి ఉంటే నేనూ స్తంభాల మాటే చెప్పేవాణ్ణి.

ఒకే గాజు పోగు ఉండే డ్రాప్ కేబుల్ మా టౌన్లో మీటరు ఆరేడు రూపాయలకు దొరుకుతోంది. చెట్ల నడుమ కాకుండా గట్టు వెంబడి పోనివ్వండి, 250 మీటర్లు తీసుకోండి, పదిహేడు వందల యాభై లోపు. కేబుల్ పక్కన బలానికి ఇనుప తీగ ఉండే రకం వద్దు, పిడుగును మళ్లీ పిలిచి పీట వేసినట్టవుతుంది. ఆ ఇనుము బదులు ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) పుల్ల ఉండే రకం అడగండి. రెండు చివర్లకు మీడియా కన్వర్టర్లు (ఫైబరును లాన్ వైరుకు కలిపే చిన్న డబ్బాలు), జత పన్నెండు వందలు అటూఇటూ. ఒకే పోగు మీద రానుపోను రెండూ జరగాలి కాబట్టి ఒకటి 'ఏ' రకం, ఇంకొకటి 'బీ' రకం ఉండాలి. రెండూ 'ఏ'లే అంటగట్టినారని తలపట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. అంగట్లోనే డబ్బా విప్పి చూసుకోండి. వాటి మీద 20 కిలోమీటర్లు అని రాసి ఉంటుంది, మీ 250 మీటర్లు దానికి లెక్కే కాదు. చివర్లు అతికించడానికి మీ ఊరికి నెట్ పనికి వచ్చే పిల్లోణ్ణే అడగండి, మిషను అతని దగ్గర ఉంటుంది, మూడొందలు చేతిలో పెడితే సంతోషంగా చేస్తాడు.

ఇప్పుడు అసలు ఆదా. కేబుల్‌ను ఒట్టిగా మట్టిలో పూడిస్తే ఎలుకలు కొరుకుతాయి, గుంటక తగులుతుంది. దానికి తొడుగు కొనొద్దు. చీనీ తోట ఉన్న ఇంట్లో పాత డ్రిప్పు పైపుల చుట్టలు గడ్డివాము పక్కన పడి ఉండకపోతే నా పేరు మార్చుకుంటాను. ఆ 16 మిల్లీమీటర్ల పైపే మీ తొడుగు. కాకపోతే ప్లెయిన్ లాటరల్ మాత్రమే పనికొస్తుంది, అంటే పైనుంచి డ్రిప్పర్లు గుచ్చిన రకం. ఇన్‌లైన్ పైపులో అడుగడుగుకూ లోపలే డ్రిప్పరు అడ్డం ఉంటుంది, కేబుల్ దూరదు. డ్రిప్పర్లు పీకేసి, పైపును ఇరవై అడుగుల ముక్కలుగా కోసి, పూసలు గుచ్చినట్టు కేబుల్‌కు ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ పోండి. ఒకే పైపులో 250 మీటర్లు తోయాలని చూడొద్దు, సాయంత్రానికి మీకూ మీ తమ్ముడికీ మాటలుండవు. అతుకుల దగ్గర జాయినర్లు లేకపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టండి. అడుగున్నర లోతు, ట్రాక్టరు తిరిగే దోవలో రెండడుగులు. పైపు చివర్లు ఎంసీల్‌తో మూసేయండి, లేకపోతే చీమలు కాపురం పెడతాయి. మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టేటప్పుడు చెంబు కంటే చిన్న చుట్ట చుట్టొద్దు, లోపల గాజు విరుగుతుంది.

కొట్టంలో కన్వర్టరుకు ఒక పాత రూటరు తగిలించండి. చుట్టాల ఇళ్లలో అటకల మీద బోలెడు ఉంటాయి, కొన్నా మూడు నాలుగొందలు. పన్నెండు వోల్టులది చూసి తీసుకోండి, ఎందుకో కింద చెబుతాను. వైరును 'వాన్' అని రాసిన రంధ్రంలో కాదు, 'లాన్' రంధ్రంలో పెట్టాలి. సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు చిరునామాలు పంచే పని) ఆపేయాలి, ఆ పని ఇంటి రూటరే చూసుకుంటుంది. ఇంటి రూటరు చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇంట్లోవే పెడితే నాయన ఫోను ఇంటి నుంచి కొట్టానికి పోయినప్పుడు దానంతట అదే మారుతుంది.

కరెంటు గురించి మీరు రాయలేదు. మోటరు లైనుకు వచ్చేది తొమ్మిది గంటలు, దొంగ వచ్చేది మిగిలిన పదిహేను గంటల్లో. కెమెరా, కన్వర్టరు, రూటరు మూడూ కలిసి ఇంచుమించు పన్నెండు వాట్లు తింటాయి. పాత యూపీఎస్‌లో ఉండే చిన్న 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఐదారు గంటలకే చేతులెత్తేస్తుంది. ట్రాక్టరు నుంచి తీసిన బ్యాటరీ, ఇంజను తిప్పే సత్తువ పోయినదైనా, ఈపాటి బరువును రాత్రంతా మోస్తుంది. రూటరు, పన్నెండు వోల్టుల కెమెరా దానికి నేరుగా, కన్వర్టరుకు ఐదు వోల్టులు కావాలి కాబట్టి కారులో ఫోన్‌కు పెట్టుకునే చార్జరు నడుమ పెట్టండి. దాన్ని చార్జి చేయడానికి 100 వాట్ల సోలారు పలక ఉంటే మనసు నిమ్మళం, కానీ అది ఈ మూడున్నర వేలల్లో రాదు. చీనీ కాయ అమ్మినాక చూసుకోండి. అంతవరకు పగలు కరెంటున్నప్పుడు చార్జరు.

ఇంకొక మాట, ఇది చెట్లు అడ్డం లేని పాఠకుల కోసం. మిద్దె మీద తుప్పు పడుతున్న పాత డీటీహెచ్ డిష్షు నా జల్లెడ కంటే చాలా మేలు. ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీ చివర ఉండే చిన్న డబ్బా (ఎల్ఎన్‌బీ) తీసేసి అక్కడ డాంగిల్ కట్టండి. అయితే ఆ డిష్షు కనపడే వైపు చూడదు, దాని చూపు ఇరవై పై చిలుకు డిగ్రీలు పైకి ఉంటుంది. ఎదుటి మిద్దెను చూడాలంటే డిష్షు నేలచూపులు చూస్తున్నట్టు ముందుకు వంగి ఉండాలి. నిటారుగా పెట్టి "పనిచేయలేదు" అని రాయొద్దు. 2.4 బ్యాండుకు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు, యాంటెన్నా బలంతో కలిపి నాలుగు వాట్లు దాటకూడదు.

ప్రశ్న: రూటరు హాల్లో ఉంది. ఇరవై అడుగుల్లో పడకగది. అక్కడ సిగ్నల్ సున్నా. కొత్త రూటరు కొనమంటారా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు పంపిన ఫొటోలో రూటరుకు, పడకగది గోడకు నడుమ రెండు తలుపుల ఇనుప బీరువా ఉంది సార్, దానికి నిలువుటద్దం కూడా. సిగ్నల్‌ను ఆపేది అవే. బీరువాను జరపలేకపోతే రూటరును దాని నెత్తి మీదికి కాకుండా ఎదురు గోడకు మార్చండి. కొత్తది కొనొద్దు.

ప్రశ్న: పక్కింటివాళ్లు మా వైఫై వాడుకుని సగం బిల్లు ఇస్తామంటున్నారు. ఇవ్వచ్చా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: వద్దమ్మా. మీ కనెక్షన్ ఫారం వెనక సన్నక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి, ఇంకొకరికి డబ్బుకు ఇవ్వకూడదనే ఉంటుంది చాలావరకు. అదొక్కటే అయితే పోనీలే అనేవాణ్ణి. వాళ్లింటికొచ్చిన చుట్టం ఆ నెట్ మీద ఏం చేసినా పోలీసుల దగ్గర కనపడే పేరు మీదే. పిల్లోడి పరీక్షలని రెండు రోజులకు అడిగితే గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి ఇవ్వండి, తర్వాత ఆపేయండి. డబ్బు తీసుకోవద్దు.