ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే ఆ సరుకును ప్రభుత్వం పరీక్షించినట్టేనా?

కాదు, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పేరుతో ఉండే ఆ 14 అంకెల నంబరు వ్యాపారికి లైసెన్సో రిజిస్ట్రేషనో ఉందని మాత్రమే చెబుతుంది. మీ చేతిలోని ప్యాకెట్‌ను ఎవరో పరీక్షించారని కాదు.

దేశంలో తయారయ్యే ప్రతి ప్యాకెట్‌నూ ల్యాబ్‌కు పంపడం కుదరని పని. అందుకే చట్టం ప్రమాణాలు పెట్టి, వాటిని పాటించే బాధ్యతను తయారీదారు మీద ఉంచింది. ఫుడ్ సేఫ్టీ అధికారి అప్పుడప్పుడూ శాంపిల్ తీస్తారు. దాన్ని నాలుగు భాగాలు చేసి, ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు పంపుతారు. అంటే తనిఖీ చాలావరకు సరుకు మార్కెట్లోకి వచ్చాకే.

మ్యాగీ సంగతే చూడండి. లైసెన్సుతోనే అమ్ముడవుతున్న ఆ నూడుల్స్‌లో సీసం మోతాదు మించిందంటూ 2015 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా వెనక్కి తీయించింది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది: పరీక్షలు చేసిన ల్యాబ్‌లకు తగిన గుర్తింపు లేదు, కంపెనీ వాదనా వినలేదు. మళ్లీ మూడు ల్యాబ్‌లలో పరీక్షిస్తే సీసం పరిమితిలోనే ఉందని తేలింది; నవంబరుకల్లా సరుకు మళ్లీ కొట్లకొచ్చింది. జనానికి మాత్రం ఎవరి మాట నమ్మాలో తెలియకుండా పోయింది, అందులో వాళ్ల తప్పేం లేదు.

చాలామంది ఈ నంబరును ఐఎస్‌ఐ మార్కులాంటి నాణ్యతా ముద్ర అనుకుంటారు. నంబరు 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్, అంతే. దాంతో జరిగే మేలు వేరు: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్‌లో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతుందో లేదో తెలుస్తుంది. ఫిర్యాదు చేయాలన్నా ఆ నంబరే ఆధారం.