సబ్బు పెట్టినా చేతులు కడగరేం?

ప్రశ్న: మా హైస్కూల్లో సబ్బు పెడితే రెండు రోజుల్లో మాయం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు భోజనానికి ముందు చేతులు తడుపుకొని వచ్చేస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఏం చేయాలి?
– ఓ ఉపాధ్యాయిని, రాజోలు

జవాబు: వాళ్లకు తెలియక కాదండి. గంట కొట్టగానే అందరూ రెండు కుళాయిల మీద పడితే, సబ్బు రుద్దుకుంటూ నిలబడ్డవాడు వెనకవాళ్ల చేత తిట్లు తింటాడు. ఆ వయసులో టీచరు మాటకన్నా పక్కవాడి వెక్కిరింతే బరువు. ఇంట్లో ఉన్న ఒక్క సబ్బూ స్నానానికే అయితే, చేతులకు వాడటం దుబారా అనిపిస్తుంది కూడా.

బిళ్ల మానేసి సబ్బునీళ్లు పెట్టండి. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల డిటర్జెంట్ పొడి కలిపి, సీసా మూతకు సన్న చిల్లు పెట్టి, కుళాయి పక్కన తాడుతో కట్టేయండి. ‘తాగరాదు’ అని పెద్దక్షరాలతో రాయండి. దీన్నెవరూ ఇంటికి పట్టుకెళ్లరు! సముద్రం వైపు ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే మామూలు సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంది. డిటర్జెంట్‌కు ఆ బాధ తక్కువ.

అసలు చిక్కు వరుసది. పీవీసీ గొట్టానికి రెండడుగులకొక చిల్లు పెట్టి, భోజనాల దగ్గరకు వెళ్లే దారిలోనే బిగిస్తే పదిమంది ఒకేసారి కడుగుతారు. రుద్దేటప్పుడు నీళ్లు కట్టేయాలి. 20 సెకన్లు, బొటనవేలు, గోళ్ల సందులతో సహా. పైన ఒక అద్దం తగిలించండి, పిలవకుండానే వస్తారు. మరుగుదొడ్ల దగ్గర ఇంకో సీసా తప్పనిసరి.