డాక్టర్ సలహా (కరోనా రోజుల నాటిది): కరోనా భయంతో పంటి నొప్పిని ఓర్చుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను పుచ్చి పది రోజులుగా ఒకటే నొప్పి. రెండు రోజుల నుంచి చెంప వాచింది. ఈ కరోనా రోజుల్లో పళ్లాసుపత్రికి పోతే లేనిది అంటుకుంటుందని, మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొస్తున్నాం. కేసులు తగ్గేదాకా ఆగొచ్చా?
– ఓ పాఠకుడు, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: ఆగొద్దు. ఉత్త నొప్పే అయితే నాలుగు రోజులు చూద్దామనేవాణ్ని. చెంప వాచిందంటే పంటి వేరు దగ్గర చీము పట్టే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో అది త్వరగా పాకుతుంది, అది ఉన్నన్నాళ్లూ షుగరూ ఓ పట్టాన దిగదు. నోరు సరిగా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, వాపు గడ్డం కిందికి దిగినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఇక మీ భయం. అందులో న్యాయం ఉంది. వేరే డాక్టర్ల దగ్గర మాస్కుతోనే కూర్చోవచ్చు, మా పళ్ల డాక్టర్ల దగ్గర తీయక తప్పదు. పన్ను అరగదీసే మిషన్ నిమిషానికి 3 లక్షల చుట్లు తిరుగుతుంది, వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతుంది. ఆ నీళ్లూ ఉమ్మీ కలిసి తుంపరగా పైకి లేస్తాయి. పళ్లు క్లీన్ చేసే స్కేలర్‌తోనూ అంతే. పెద్ద చుక్కలు కుర్చీ చుట్టూ పడిపోతాయి, సన్నవి చాలాసేపు గాల్లోనే తేలుతుంటాయి. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వదిలిపోయిన గాలే మీ అమ్మగారు పీల్చేది.

అందుకే క్లినిక్‌లో అడుగుపెట్టగానే కిటికీ చూడండి. మన ఎండలకు అందరూ తలుపులు బిగించి ఏసీ వేస్తారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్న చోట చెమట పట్టినా కూర్చోండి. గుమ్మం దగ్గర నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూశారు కదాని ధీమా పడొద్దు. జ్వరం లేకుండానే కరోనా మోసేవాళ్లు ఎందరో.

ముందు ఫోన్ చేసి ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, రాత్రంతా గది ఖాళీగా ఉంటుంది కాబట్టి. పరికరాల కవరు మీ కళ్లముందే చించాలి. అది ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉండి వచ్చిన కవరు కావాలి. అరగదీసే హ్యాండ్‌పీస్‌నూ అందులో పెడుతున్నారా అని మొహమాటం లేకుండా అడగండి. స్పిరిట్‌తో తుడిచి సరిపెట్టేవాళ్లు మాలోనూ ఉన్నారు, రాయడానికి సిగ్గుగా ఉంది. కరోనా మాట అటుంచి, రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్-బి అంటకుండా ఉండాలన్నా ఇది తప్పదు.

పన్ను తీసేయాల్సి వస్తే, పట్టకారుతో మామూలుగా పీకడంలో తుంపర చాలా తక్కువ. రూట్ కెనాల్ అంటే రబ్బర్ డ్యామ్ (ఆ పన్ను తప్ప మిగతా నోటిని కప్పే రబ్బరు పొర) వేస్తారేమో కనుక్కోండి. కేసులు తగ్గేదాకా క్లీనింగ్ వద్దు. పనికి ముందు పోవిడోన్ అయోడిన్ అనే క్రిముల్ని చంపే మందు పుక్కిలించమంటారు, థైరాయిడ్ ఉంటే ముందే చెప్పండి.

వెళ్లే రోజు టిఫిన్, షుగర్ మాత్ర మానొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ తీసుకెళ్లండి. తోడు ఒక్కరు చాలు. ఇంట్లో ఎవరికి జ్వరం, దగ్గు ఉన్నా దాచకుండా ఫోన్‌లోనే చెప్పండి. ప్రైవేటులో కుదరకపోతే కడపలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.