నీళ్లు తెగుతాయా?

సందేహం: ఇంటర్ పుస్తకంలో ‘తలతన్యత’ ఉంది. ఒక వ్యాసంలో ‘ద్రవాల తన్యతాబలం కొలవడం’ అని చదివాను. రెండూ ఒకటేనా? తీగకైతే సరే, నీళ్లకు తెగడమేమిటి? ‘తన్యత బలం’ అని రాస్తే తప్పా?

సమాధానం: రెండూ ఒకటి కావు. తలతన్యతలోని ‘తల’ మన తలకాయ కాదు. భూతలం, సమతలం అనే మాటల్లోని ‘తలం’. ద్రవం పైపొరలో ఉండే బిగువు అది. దాన్ని మీటరు పొడవుకు ఇన్ని న్యూటన్లని లెక్కగడతారు. తన్యతాబలం ద్రవం లోపలి సంగతి. ఎంత లాగితే తెగుతుందో ఆ హద్దు. దీని లెక్క చదరపు మీటరుకు. రెండింటిలోనూ ఉన్నది ‘తన్’ ధాతువే. సాగదీయడమని దాని అర్థం. తంతువు, తంత్రి, వితానం దాని సంతతే.

ఇక తెగడం. ‘ధార తెగింది’ అని రోజూ అంటూనే ఉన్నాం, కాబట్టి క్రియ మనకు కొత్తది కాదు. అయితే చెంబులోంచి వంచిన సన్నని ధార చివర చుక్కలుగా విడిపోయేది తలతన్యత వల్ల. బెల్లం పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూస్తే తీగ సాగుతుంది, అది చిక్కదనం, అంటే స్నిగ్ధత. ఈ రెండింటినీ చూసి తన్యతాబలం చెప్పలేం.

మరి ఎలా కొలుస్తారు? అమెరికా శాస్త్రవేత్త లైమన్ బ్రిగ్స్ చేసిన పద్ధతి నాకు చాలా ఇష్టం. జడ్ అక్షరంలా వంచిన సన్నని గాజు గొట్టంలో నీళ్లు నింపి, నడిమధ్య ఇరుసుగా గిర్రున తిప్పాడు. వేగం పెరిగేకొద్దీ నీళ్లు అటు సగం అటూ ఇటు సగం ఇటూ లాక్కుంటాయి. ఒక వేగం దగ్గర మధ్యలో పుటుక్కున తెగుతాయి. ఆ వేగాన్నిబట్టి లాగుడు ఎంతో లెక్క కట్టాడు. 1950లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో అత్యధికం 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చింది: దాదాపు 277 బార్లు. వాతావరణ పీడనానికి 270 రెట్ల పైమాటే! తీగకు వాడిన మాట నీటికి వాడటంలో అతిశయోక్తి లేదని ఇంతకంటే ఏం రుజువు కావాలి?

రాత విషయానికొస్తే ‘తన్యతాబలం’ సరైనది. విడిగా ఉన్నప్పుడు తన్యత, భాష, విద్య అని హ్రస్వంతో రాస్తాం. సంస్కృత సమాసంలో మాత్రం దీర్ఘం తిరిగొస్తుంది: భాషాశాస్త్రం, విద్యాశాఖ. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ముందు ‘తెగే హద్దు’ అనండి, ఆ తర్వాత బోర్డు మీద తన్యతాబలం అని రాయండి.